కాలనీ వీధుల్లో స్టాప్ బోర్డు: మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతం

రెండు రోడ్లు కలిసేచోట ఒక రోడ్డు మీద వచ్చే బండి గీత దగ్గర పూర్తిగా ఆగి, అవతలి రోడ్డు ఖాళీగా ఉందని చూసుకున్నాకే కదలాలని ఆదేశించే ట్రాఫిక్ గుర్తు స్టాప్ బోర్డు. ఎనిమిది మూలల ఎర్రటి పలక, తెల్లని అంచు, తెల్లని అక్షరాలు. ఇది హెచ్చరిక గుర్తు కాదు, తప్పనిసరిగా పాటించాల్సిన గుర్తు. రోడ్డు ఎంత ఖాళీగా ఉన్నా చక్రాలు ఒక్కసారి ఆగి తీరాలి. తలకిందులైన త్రికోణాకారంలో ఉండే ‘గివ్ వే’ బోర్డుకూ దీనికీ తేడా ఇదే. గివ్ వే దగ్గర అవతలి బండికి దారి ఇస్తే చాలు, ఎవరూ రాకపోతే నెమ్మదిగా సాగిపోవచ్చు.

హైదరాబాద్ ఉత్తర శివారులోని మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతం ఈ గుర్తు అవసరాన్నీ దాని హద్దులనూ ఒకేచోట చూపిస్తుంది. 2016 అక్టోబరు 11న రంగారెడ్డి జిల్లా నుంచి విడిపోయిన మేడ్చల్–మల్కాజ్‌గిరి జిల్లాలో ఈ రెండూ భాగం. మేడ్చల్ మీదుగా నాగ్‌పూర్ వైపు వెళ్లే 44వ జాతీయ రహదారి, శామీర్‌పేట మీదుగా కరీంనగర్, రామగుండం వైపు వెళ్లే రాజీవ్ రహదారి, రెండింటినీ అడ్డంగా కోస్తూ 158 కిలోమీటర్ల అవుటర్ రింగు రోడ్డు ఉన్నాయి. ఈ మూడింటి మధ్యా ఒకప్పటి పొలాల్లో వెంచర్లు లేచాయి. తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీ, శామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, జవహర్‌నగర్ పక్కన బిట్స్ ప్రాంగణం, కండ్లకోయ చుట్టూ ఇంజినీరింగ్ కాలేజీలు, అంతాయిపల్లిలో జిల్లా కలెక్టరేట్ వచ్చాయి. పల్లెబాట మీద ఇప్పుడు కాలేజీ బస్సు, టిప్పర్, నీళ్ల ట్యాంకర్, డీసీఎం, స్కూటీ అన్నీ నడుస్తున్నాయి. బాట పేరు మారింది గాని మలుపులు మారలేదు. ఎవరు ఆగాలో, ఎవరు పోవాలో చెప్పే ఏర్పాటు మాత్రం చాలా కూడళ్లలో ఇంకా రాలేదు.

పుట్టుక

ఈ గుర్తు పుట్టిల్లు అమెరికా. ట్రాఫిక్ నియమాల కోసం కృషి చేసిన విలియం ఫెల్ప్స్ ఈనో 1900లోనే కూడళ్లలో ఇలాంటి ఏర్పాటు ఉండాలని రాశాడు. 1915లో డెట్రాయిట్‌లో తొలి స్టాప్ బోర్డు నిలబెట్టారు. అది తెల్ల పలక మీద నల్ల అక్షరాల చిన్న చతురస్రం. 1923 నాటికి ఎనిమిది మూలల ఆకారం వచ్చింది. వెనకవైపు నుంచి చూసినా, చీకట్లో చూసినా ఆకారాన్ని బట్టే గుర్తుపట్టాలన్నది ఉద్దేశం. వెలిసిపోని ఎర్ర రంగు దొరకక చాలాకాలం పసుపు పలకలే వాడారు. ఎరుపు 1954లో ప్రమాణమైంది. రోడ్డు గుర్తుల మీద 1968లో కుదిరిన వియన్నా ఒప్పందం దీన్ని అంతర్జాతీయ గుర్తుగా స్వీకరించింది. భారతదేశం ఆ ఒప్పందంలో 1980లో చేరింది. మన రోడ్డు గుర్తుల ప్రమాణ గ్రంథం ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వెలువరించిన ఐఆర్‌సీ 67.

మన రోడ్ల తీరు మాత్రం బ్రిటన్ నుంచి వచ్చింది. అక్కడ స్టాప్ బోర్డు అరుదు, చూపు బొత్తిగా అందని కూడళ్లకే పరిమితం. మిగతా చోట్ల గివ్ వే గీతలే పని చేస్తాయి. అమెరికాలో ఇళ్ల మధ్య వీధుల్లో ఇది అడుగడుగునా కనిపిస్తుంది. డాలస్ శివార్లలోనో న్యూజెర్సీలోనో డ్రైవింగ్ పరీక్షకు చదివిన తెలుగువాళ్లకు నాలుగు వైపులా స్టాప్ ఉన్న కూడలి నియమం కంఠతా వచ్చు. ముందు వచ్చి ఆగినవాడు ముందు పోతాడు, ఇద్దరూ ఒకేసారి వస్తే కుడివైపు వాడిది మొదటి హక్కు. సెలవులకు ఇంటికి వచ్చినవాళ్లు తమ కాలనీలోనూ అవే బోర్డులు పెట్టించాలని అడగడం సహజం. అడగడంలో తప్పు లేదు. పెట్టే చోటు సరైనదా కాదా అన్నదే తేల్చుకోవాలి.

చట్టం ఏం చెబుతుంది

మోటారు వాహనాల చట్టం, 1988లోని 116వ సెక్షన్ ట్రాఫిక్ గుర్తులు నిలబెట్టే అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వానికి, అది అధికారమిచ్చిన సంస్థలకు ఇస్తుంది. గుర్తును కప్పేసే ప్రకటన బోర్డులను తొలగించే అధికారం కూడా అందులోనే ఉంది. తప్పనిసరి గుర్తులను పాటించడం 119వ సెక్షన్ కింద డ్రైవరు బాధ్యత. 2019 సవరణ స్టాప్ బోర్డుకు ఇంకా బలమిచ్చింది. ప్రమాదకరమైన డ్రైవింగ్‌కు సంబంధించిన 184వ సెక్షన్ వివరణలో ఎర్రలైటు దాటడం పక్కనే స్టాప్ గుర్తును ఉల్లంఘించడాన్ని చేర్చారు. మొదటి నేరానికి 6 నెలల నుంచి ఏడాది వరకు జైలు గాని, 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు.

ఏ బోర్డూ లేని కూడలికీ నియమం ఉంది. రోడ్డు నియమాల ప్రకారం, ప్రధాన రహదారిగా గుర్తించిన రోడ్డులోకి ప్రవేశించేవాడు దాని మీద వెళ్లేవాళ్లకు దారి ఇవ్వాలి. మిగతా చోట్ల కుడివైపు నుంచి వచ్చే బండికి దారి ఇవ్వాలి. లైసెన్సు పరీక్షలో ఈ ప్రశ్న వస్తుంది, జవాబు చాలామందికి తెలుసు. చౌరస్తాలో నడిచేది మాత్రం వేరే. పెద్ద బండికి చిన్న బండి దారి ఇస్తుంది, హారన్ ముందు కొట్టినవాడు ముందు దూరతాడు.

కాలనీ సంక్షేమ సంఘం చందాలు వేసుకుని పెయింటరు చేత రాయించిన పలకకు పబ్లిక్ రోడ్డు మీద ఈ చట్టబలం ఉండదు. గేటెడ్ కమ్యూనిటీ లోపల నివాసుల ఒప్పందంగా అది పని చేయవచ్చు. గేటు బయట పురపాలక సంస్థ, ట్రాఫిక్ పోలీసులు కలిసి నిర్ణయించి పెట్టిందే గుర్తు.

చూపు అందని మూల

స్టాప్ బోర్డుకు అసలైన చోటు, అవతలి రోడ్డు మీద వచ్చే బండి సకాలంలో కనబడని కూడలి. ఈ ప్రాంతపు వెంచర్లలో అలాంటి మూలలు ఎలా ఏర్పడతాయో ఒకటి దగ్గరగా చూస్తే తెలుస్తుంది.

రెండు 30 అడుగుల రోడ్లు అడ్డంగా కలుస్తున్నాయనుకుందాం. నాలుగు మూలల ప్లాట్లలోనూ ఇళ్లు లేచాయి. ప్రహరీ గోడలు ప్లాటు హద్దు మీదే, మనిషి ఎత్తుకు మించి ఉన్నాయి. ఒక మూల ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె, మరో మూల ఇల్లు కట్టేవాళ్లు పోసిన ఇసుక, కంకర. లెక్క వేస్తే, కూడలి నడిమధ్య నుంచి 8 మీటర్ల దూరంలో ఉన్న కారు డ్రైవరుకు అడ్డరోడ్డులో అటు పది, ఇటు పది మీటర్ల మేర మాత్రమే కనబడుతుంది. గంటకు 30 కి.మీ. వేగంతో వచ్చే బండి క్షేమంగా ఆగడానికి ఐఆర్‌సీ లెక్క ప్రకారం 30 మీటర్లు కావాలి. డ్రైవరు చూసి, తేల్చుకుని బ్రేకు మీద కాలు పెట్టే రెండున్నర సెకన్లలోనే 21 మీటర్లు పోతాయి. బ్రేకు పట్టాక మిగతా 9. అంటే ఇద్దరు డ్రైవర్లూ 30లోనే వచ్చినా, ఒకరినొకరు చూసుకునేసరికి ఇద్దరికీ సమయం అయిపోయి ఉంటుంది. తప్పు వేగానిది మాత్రమే కాదు, గోడది కూడా.

అదే గోడ మూలను రెండువైపులా 3 మీటర్ల చొప్పున ఏటవాలుగా కోసి కడితే, అదే చోటు నుంచి 15 నుంచి 18 మీటర్లు కనబడతాయి. గంటకు 20 కి.మీ.తో ఆగడానికి కావలసిన దూరం 20 మీటర్లు కాబట్టి, నెమ్మదిగా వచ్చేవాళ్లకు కూడలి దాదాపు చాలినంత తెరుచుకుంటుంది. భవన నిర్మాణ నియమాలు మూల ప్లాట్ల దగ్గర ఇలా స్థలం వదలమని అడిగేది ఇందుకే. ఆ కాస్త స్థలంలో తర్వాత గోడో, కిరాణా డబ్బానో, జనరేటరో వచ్చి చేరితే ఆ మూల మళ్లీ గుడ్డిదైపోతుంది.

ఎప్పుడు స్టాప్, ఎప్పుడు గివ్ వే అనడానికి అమెరికా ఇంజినీర్లలో చాలాకాలంగా ఉన్న కొలమానం ఒకటి ఇక్కడా పనికొస్తుంది. చూపు అందే దూరాన్ని బట్టి కూడలిని క్షేమంగా సమీపించగల వేగం ఎంతో లెక్క కడతారు. అది గంటకు 10 మైళ్లకు, అంటే 16 కి.మీ.కి లోపు ఉంటే స్టాప్ బోర్డు, అంతకు మించితే గివ్ వే. పైన చెప్పిన గుడ్డి మూలలో ఆ వేగం 15 కూడా రాదు. అక్కడ స్టాప్ న్యాయం. మూల కోసిన కూడలిలో గివ్ వే చాలు. ముందు మూల ఖాళీ చేయించి, ఆ తర్వాతే ఏ బోర్డు కావాలో తేల్చడం ఇంజినీరు పద్ధతి. గోడను కదపలేనప్పుడే బోర్డు ఆ లోటు తీర్చాలి.

వీధి పెద్దరోడ్డును కలిసేచోట

రెండో సరైన చోటు, వెంచరు రోడ్డు వచ్చి రాజీవ్ రహదారినో 44వ జాతీయ రహదారినో అవుటర్ సర్వీసు రోడ్డునో తాకే నోరు. అలియాబాద్, మజీద్‌పూర్ చౌరస్తాలు, తూంకుంట, గుండ్లపోచంపల్లి, అత్వెల్లి వైపు ఊరిబాటలు ఈ కోవలోకి వస్తాయి. పెద్దరోడ్డు మీద వేగం ఎక్కువ కాబట్టి, చిన్నరోడ్డులోంచి వచ్చేవాడికి చాలా దూరం కనబడాలి. వచ్చే బండికి సుమారు 8 సెకన్ల ప్రయాణమంత దూరం అన్నది ఐఆర్‌సీ వాడే లెక్క. 50 కి.మీ. వేగానికి 110 మీటర్లు, 80కి 180 మీటర్లు. అంత దూరం చూసి అంచనా కట్టాలంటే కదులుతున్న బండిలోంచి కుదరదు. ఒకసారి ఆగాలి. స్టాప్ బోర్డు ఇక్కడ డ్రైవరుకు ఆ కొన్ని క్షణాలు ఇస్తుంది.

మన శివారు రోడ్లకే ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఇక్కడ కలుస్తుంది. మధ్యలో డివైడర్ ఉన్న రోడ్డులోకి ఎడమకు తిరిగే డ్రైవరు కుడివైపే చూస్తాడు, ఎందుకంటే నియమం ప్రకారం బండ్లు అటునుంచే రావాలి. యూ టర్న్ దూరంగా ఉన్నచోట బైకులు, ఆటోలు రోడ్డు అంచున రాంగ్ రూట్లో ఎడమవైపు నుంచి వస్తాయి. స్కూలు పిల్లలు, పాలు తెచ్చేవాళ్లు నడిచేదీ ఆ అంచునే. ఆగే గీతను పెద్దరోడ్డు అంచుకు మరీ చేరువగా వేస్తే కారు ముక్కు ముందే వాళ్ల దారిలోకి వెళ్లిపోతుంది. డ్రైవరు కళ్ల కంటే బానెట్ దాదాపు రెండు మీటర్లు ముందుంటుంది. అందుకే గీత కాస్త వెనక వేసి, దానికీ పెద్దరోడ్డుకూ మధ్య నడిచేవాళ్లకు చోటు వదలాలి. అక్కడి నుంచి చూపు అందేలా ఫ్లెక్సీలు, పండ్ల బండ్లు, ఆగిన ఆటోలు లేకుండా చూడాలి. ఈ పని జరగని చోట బోర్డు పెట్టినా ఫలితం సగమే.

స్పీడ్ బ్రేకర్‌కు కూడా తగిన స్థానం ఇక్కడే, చిన్నరోడ్డు మీదే. వేగం ఎక్కువగా ఉండే రహదారిని, చూపు తక్కువగా అందేచోట కలిసే చిన్నరోడ్డుపై దాన్ని వాడవచ్చని ఐఆర్‌సీ 99 అనే ప్రమాణం 1988లోనే చెప్పింది. దాని కొలత 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు. గంటకు 25 కి.మీ.తో కుదుపు లేకుండా దాటేలా గుండ్రంగా ఉండాలి. సిమెంటు మిగిలిందని పోసిన, తారుతో కుప్పలా వేసిన ఇరుకు గట్టులకు ఈ పేరు చెల్లదు. అవి స్కూటీ మీద వెనక కూర్చున్న ముసలివాళ్లను, గర్భిణులను కింద పడేస్తాయి.

ఎక్కడ పెట్టకూడదు

కాలనీవాళ్లు స్టాప్ బోర్డు అడిగే సందర్భాల్లో ఎక్కువ భాగం వేగం గురించిన ఫిర్యాదులే. పొడుగాటి 40 అడుగుల సీసీ రోడ్డు మీద కుర్రాళ్లు బైకుల మీద దూసుకుపోతున్నారు, పిల్లలు ఆడుకునే వీధి, ఏదో ఒకటి చేయాలి. ఈ బాధ నిజమైనది. దానికి మందు మాత్రం స్టాప్ బోర్డు కాదు. వేగం తగ్గించడానికి స్టాప్ బోర్డు వాడకూడదని అమెరికా ట్రాఫిక్ గుర్తుల గ్రంథం సూటిగానే చెబుతుంది. అవసరం లేనిచోట ఆగమంటే డ్రైవరు బోర్డు దగ్గర కాస్త నెమ్మదించి, పోయిన సమయాన్ని రాబట్టుకోవడానికి కూడలికీ కూడలికీ మధ్య ఇంకా దూకుతాడు. పిల్లలు ఆడేది సరిగ్గా ఆ మధ్యనే.

ఇంకో నష్టం దీనికన్నా పెద్దది. రోజూ పదిసార్లు ఆగినా అడ్డరోడ్డులో ఎవరూ రారు. పదకొండోసారి ఆగడం మానేస్తారు. ‘నాన్నా పులి’ కథలో లాగే, నిజంగా గుడ్డి మూల దగ్గర ఉన్న బోర్డును కూడా అప్పుడు ఎవరూ నమ్మరు. ఆగుతాడని నమ్మి రోడ్డు దాటే పాదచారికి అది బోర్డు లేనిదానికన్నా ప్రమాదం.

నాలుగు వైపులా స్టాప్ పెట్టడానికి అమెరికాలో 2009 నాటి గ్రంథం పెట్టిన షరతులు చూస్తే ఎంత జాగ్రత్త పడతారో తెలుస్తుంది. పెద్దరోడ్డు మీద రెండువైపుల నుంచీ కలిపి గంటకు సగటున 300 బండ్లు చొప్పున 8 గంటలు రావాలి. చిన్నరోడ్డు మీద బండ్లు, సైకిళ్లు, పాదచారులు కలిపి గంటకు 200 ఉండాలి. లేదా స్టాప్ వల్ల తప్పించగలిగిన రకం ప్రమాదాలు 12 నెలల్లో 5 జరిగి ఉండాలి. ఫిలడెల్ఫియాలో అనవసరమైన సిగ్నల్ లైట్లు దాదాపు 200 కూడళ్లలో తీసేసి నాలుగు వైపుల స్టాప్ పెడితే ప్రమాదాలు సుమారు 24 శాతం తగ్గాయని 1997లో వచ్చిన అధ్యయనం తేల్చింది. అందరూ ఆగి, ఒకరి వంతు ఒకరు గౌరవించే అలవాటు ఉన్నచోట ఇది సాధ్యం. వంతులు పాటించే అలవాటు ఇంకా పాతుకోని మన చౌరస్తాల్లో, చిన్నరోడ్డు మీద మాత్రమే స్టాప్ పెట్టి పెద్దరోడ్డును పోనివ్వడమే స్పష్టంగా ఉంటుంది. నాలుగు రోడ్లూ సమానమైన వెంచరు కూడలికి చిన్న వృత్తాకార దిమ్మె మేలు. దాని చుట్టూ తిరగడానికి ఎవరైనా వేగం తగ్గించక తప్పదు, కాపలా ఉండే పోలీసు అక్కర్లేదు.

ప్రమాదాల సంఖ్య షరతును మనం యథాతథంగా తీసుకోలేం. కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022లో దేశంలో 4,61,312 ప్రమాదాలు, 1,68,491 మరణాలు నమోదయ్యాయి. చనిపోయినవారిలో దాదాపు 44 శాతం ద్విచక్ర వాహనదారులు. కాలనీ మూలలో రెండు స్కూటీలు గుద్దుకుని మోకాళ్లు పగిలితే ఎవరూ ఠాణా దాకా పోరు. జాతీయ రహదారిపై 500 మీటర్ల మేర మూడేళ్లలో మరణాలు, తీవ్ర గాయాలతో కూడిన 5 ప్రమాదాలు జరిగితేనో, 10 మంది చనిపోతేనో ‘బ్లాక్ స్పాట్’ అంటారు. వీధి కూడలి ఏదీ ఆ జాబితాకు ఎక్కదు. రక్తం కారాక లెక్కపెట్టే కొలత ఇళ్ల మధ్య రోడ్డుకు సరిపోదు. గోడ, చూపు, వేగం కొలవడానికి ప్రమాదం దాకా ఆగాల్సిన పని లేదు.

మాసాయిపేట

ఆగడం అనే నియమానికి అన్నిటికన్నా కఠినమైన రూపం కాపలా లేని రైలు గేటు దగ్గర ఉంది. మోటారు వాహనాల చట్టంలోని 131వ సెక్షన్ ప్రకారం డ్రైవరు బండి ఆపాలి, క్లీనరో తోడున్నవాళ్లో దిగి పట్టాల దాకా నడిచి రెండువైపులా చూసి రావాలి, ఎవరూ లేకపోతే డ్రైవరే దిగాలి. 2014 జులై 24 ఉదయం, మేడ్చల్ మీదుగా ఉత్తరానికి వెళ్లే అదే రైలు మార్గంలో, మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని గేటు దాటుతున్న స్కూలు బస్సును నాందేడ్–సికింద్రాబాద్ ప్యాసింజర్ ఢీకొంది. పదిమందికి పైగా పిల్లలు చనిపోయారు. ఆ పేరు వింటే ఈ ప్రాంతపు తల్లిదండ్రుల గుండె ఇప్పటికీ బరువెక్కుతుంది.

ఆ తర్వాత రైల్వే శాఖ హెచ్చరిక బోర్డులను పెద్దవి చేసి ఊరుకోలేదు. 2019 జనవరి చివరి నాటికి దేశంలోని బ్రాడ్‌గేజ్ మార్గాల మీద కాపలా లేని గేట్లన్నిటినీ తీసేసింది. కొన్నిచోట్ల గేటు, మనిషి వచ్చాయి, కొన్నిచోట్ల కింది వంతెన, కొన్నిచోట్ల దారే మూసేశారు. ఒక్క మనిషి ఒక్కసారి మరచిపోతే పదుల ప్రాణాలు పోయేచోట గుర్తు మీద భారం వేయకూడదని ఆ నిర్ణయం చెబుతుంది. కాలేజీ బస్సులు రహదారిని అడ్డంగా దాటే చౌరస్తాలకూ ఇదే వర్తిస్తుంది. అక్కడ స్టాప్ బోర్డు చాలదు. సిగ్నలో, కింది దారో, మధ్యలో ఖాళీ మూసి ఎడమకు మాత్రమే తిరిగే ఏర్పాటో కావాలి.

రాబోయే మార్పు, అడిగే పద్ధతి

ప్యారడైజ్ నుంచి శామీర్‌పేట వైపు రాజీవ్ రహదారి మీద ఎత్తైన కారిడార్‌కు, ప్యారడైజ్ నుంచి డెయిరీఫారం వైపు 44వ జాతీయ రహదారి మీద మరో కారిడార్‌కు 2024 మార్చిలో శంకుస్థాపనలు జరిగాయి. స్తంభాల మీద రోడ్డు లేచిన ప్రతిచోటా కింది రోడ్డులో స్తంభాలే కొత్త గోడలవుతాయి. యూ టర్న్ తీసుకునేవాడికి, ఎదురు రోడ్డులోకి దాటేవాడికి అవి చూపుకు అడ్డు. ఆగే గీతలను, మధ్య ఖాళీలను స్తంభాల వరసకు దూరంగా పెట్టడం నక్షా దశలోనే జరగాలి. లోపభూయిష్టమైన రోడ్డు రూపకల్పనకు లక్ష రూపాయల దాకా జరిమానా వేసే 198ఏ సెక్షన్ 2019 సవరణతోనే చట్టంలోకి వచ్చింది.

వీధి మూలకు బోర్డు కావాలనుకునే కాలనీ సంఘం పురపాలక సంస్థకు, ట్రాఫిక్ పోలీసులకు కలిపి దరఖాస్తు పెట్టాలి. దాంతోపాటు కూడలి కొలతలు, డ్రైవరు కూర్చునే ఎత్తు నుంచి తీసిన ఫొటోలు, ఉదయం స్కూలు వేళా సాయంత్రం వేళా గంటకు ఎన్ని బండ్లు, ఎంతమంది నడిచేవాళ్లు వస్తున్నారన్న లెక్క, ఠాణాకు ఎక్కని ప్రమాదాల వివరాలు ఇస్తే నిర్ణయం సులువవుతుంది. బోర్డుతో పాటు రోడ్డు మీద తెల్ల గీత, రాత్రి హెడ్‌లైటుకు మెరిసే పలక, మూల మీద వీధిదీపం అడగాలి. వేపకొమ్మ పెరిగి పలకను కప్పేస్తే ఎవరు నరకాలి, గీత చెరిగిపోతే ఎవరు మళ్లీ వేయాలి అన్నది కూడా అదే కాగితంలో రాయించుకోవాలి.